రిటైరైన పైలట్‌కి నివాళి రాయాలంటే

ముందు ఆయన లాగ్‌బుక్ వెతకండి. తేదీ, విమానం రకం, రిజిస్ట్రేషన్, ఎక్కడి నుంచి ఎక్కడికి, పగలెన్ని గంటలు, రాత్రెన్ని గంటలు, కెప్టెన్‌గానా కో-పైలట్‌గానా అన్నీ అందులో వరసగా ఉంటాయి కాబట్టి, "వేల గంటలు నడిపారట" అని ఉజ్జాయింపుగా రాయాల్సిన పని లేదు. రిమార్క్స్ గడి తప్పకుండా చదవండి. మొదటి సోలో (ఒంటరిగా నడిపిన ఫ్లైట్), కెప్టెన్‌గా మొదటి ఫ్లైట్ లాంటివి చాలామంది అక్కడే రాసుకుంటారు.

అంతర్జాతీయ విమాన సర్వీసుల్లో పైలట్లకు వయోపరిమితి 65 ఏళ్లు. ఆ తర్వాతి జీవితానికీ చోటివ్వండి, అందులోనూ ఆయనకు చాలా హాబీలుంటే. అయితే అన్నీ ఏకరువు పెట్టకండి, రెండు చాలు. వడ్రంగం చేసేవారనుకోండి, ఉలి ఎలా పట్టుకునేవారు, కోసే ముందు కొలత మళ్లీ మళ్లీ చూసుకునేవారా, కాక్‌పిట్‌లోలాగే ఇక్కడా చెక్‌లిస్ట్ రాసుకునేవారా, ఇవి రాస్తే మనిషి కళ్లకు కడతాడు.

తోటి సిబ్బందికి ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకు తెలియని సంగతులు వాళ్ల దగ్గరే ఉంటాయి.

సభలో చదివేదైతే ఐదు నిమిషాలు దాటనివ్వకండి, ముందే ఒకసారి పైకి చదివి చూసుకోండి. మధ్యలో గొంతు పూడుకుపోవచ్చు, టెన్షన్ పడకండి, ఇంకో కాపీ పక్కవాళ్లకు ఇచ్చి ఉంచితే మిగతాది వాళ్లు అందుకుంటారు.