ఫ్లింక్ జాబ్‌ని పరిగెత్తిద్దాం, 4వ భాగం: క్రయో ఎక్కడ దూరింది?

ఆగకుండా వచ్చే డేటాని ప్రాసెస్ చేసే ఫ్లింక్‌లో, ఏ కోడ్ ఎంత సీపీయూ సమయం తింటోందో పట్టీలుగా చూపే ఫ్లేమ్ గ్రాఫ్ చదవడం పోయిన భాగంలో నేర్చుకున్నాం. ఫ్లింక్ 1.13 నుంచి అది వెబ్ యూఐలోనే వస్తోంది, కాన్ఫిగ్‌లో ఆన్ చేసుకుంటే చాలు. ఆ గ్రాఫ్‌లో మీరు రాసిన కోడ్ పట్టీ సన్నగా ఉండి, క్రయో (జావా ఆబ్జెక్టుల్ని బైట్లుగా మార్చే లైబ్రరీ) అనే పేరున్న పట్టీ వెడల్పుగా పరుచుకుని ఉందా? అయితే ఈ పాఠం మీకే.

ఫ్లింక్ మన ఆబ్జెక్టుల్ని ఊరికే బైట్లుగా మార్చదు. కీబై (ఒకే కీ ఉన్న రికార్డుల్ని ఒకే చోటికి చేర్చేది) పెట్టగానే రికార్డు నెట్‌వర్క్ మీదుగా ఇంకో టాస్క్‌కి వెళ్లాలి, అక్కడ మారుస్తుంది. స్టేట్ (జాబ్ గుర్తుపెట్టుకునే డేటా) రాక్స్‌డీబీ అనే డేటాబేస్‌లో ఉంటే చదివిన ప్రతిసారీ, రాసిన ప్రతిసారీ మారుస్తుంది. ఈ పని ఏ సీరియలైజర్‌కి (ఆబ్జెక్టుని బైట్లుగా మార్చే కోడ్‌కి) అప్పజెప్పాలో మీ క్లాసుని చూసి అదే తేల్చుకుంటుంది. క్లాసు పబ్లిక్ అయి, ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఉండి, ప్రతి ఫీల్డూ పబ్లిక్‌గానో గెటర్, సెటర్‌తోనో ఉంటే దాన్ని పోజో (సాదా జావా ఆబ్జెక్ట్) అంటుంది, తన సొంత సీరియలైజర్ వాడుతుంది. వీటిలో ఒక్కటి తప్పినా క్లాసు మొత్తాన్నీ జెనెరిక్ టైప్ కింద కట్టి క్రయో చేతిలో పెడుతుంది. ఎర్రర్ రాదు, జాబ్ ఆగదు, లాగ్‌లో ఇన్ఫో స్థాయిలో ఒక లైన్ పడుతుందంతే. ఇన్ఫో లైన్లు ఎవరు చదువుతారండీ?

నా సంగతే చెబుతాను. ఒక చోట పనిచేసేటప్పుడు జాబ్ ఉన్నట్టుండి నెమ్మదించింది. ఫ్లింక్ అంటే జర్మన్‌లో చురుకైనదని అర్థం, లోగోలో ఉడత కూడా ఉంది, మా జాబ్ మాత్రం తాబేలు. ప్యారలలిజం పెంచాం, మెమరీ పెంచాం, కాఫ్కా పార్టిషన్ల మీద అనుమానపడ్డాం, రెండు రోజులు చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం. చివరికి చూస్తే ఈవెంట్ క్లాసుకి ఎవరో, కన్‌స్ట్రక్టర్ల లాంటి కోడ్‌ని తనే రాసిపెట్టే లాంబాక్ లైబ్రరీలోని ఆల్‌ఆర్గ్స్‌కన్‌స్ట్రక్టర్ తగిలించారు, దాంతో జావా ఊరికే ఇచ్చే ఖాళీ కన్‌స్ట్రక్టర్ మాయమైపోయింది. పక్కన నోఆర్గ్స్‌కన్‌స్ట్రక్టర్ అని ఒక్క లైన్ పెడితే సరిపోయింది. ఆ ఎవరో నేనేనని తర్వాత గిట్ చెప్పింది, అది వేరే విషయం.

ఇప్పుడు బైట్లు లెక్కపెడదాం, పెన్ను తీసుకోండి. టికెట్ అనే పోజోలో మూడు ఫీల్డులు: స్టాప్ పేరు "కోఠి", సమయం లాంగ్‌గా, ఛార్జీ ఇంట్‌గా. ముందు ఆబ్జెక్ట్‌కి 1 బైట్ ఫ్లాగ్. ఆ తర్వాత ప్రతి ఫీల్డుకీ నల్ అవునా కాదా అని 1 బైట్. స్టాప్ పేరుకి ఆ 1, పొడవుకి 1, అక్షరాలకి 8, మొత్తం 10. సమయానికి 1+8, ఛార్జీకి 1+4. అన్నీ కలిపితే 25 బైట్లు. ఫీల్డు పేర్లు ఎక్కడా లేవు గమనించండి, అదే జేసన్ అయితే ప్రతి రికార్డుతోనూ పేర్లన్నీ మోసుకెళ్తుంది. ఇంకో సరదా సంగతి, యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కొక్కటీ 3 బైట్లు తింటుంది, ఫ్లింక్ స్ట్రింగ్ రాసే పద్ధతిలో 2తో సరిపెడుతుంది. క, ఓత్వం, ఠ, గుడి, నాలుగూ కలిపి 8, అందుకే ఆ లెక్క. ఇదే టికెట్ క్రయోకి వెళ్లి, లోపల రిజిస్టర్ చేయని క్లాసు ఇంకోటి ఉందనుకోండి, ఆ క్లాసు పూర్తి పేరు ప్యాకేజీతో సహా ప్రతి రికార్డులోనూ రాస్తుంది. పేరే డేటా కంటే పొడవైపోతుంది ఒక్కోసారి.

మరి దొంగని పట్టుకోవడం ఎలా? జెనెరిక్ టైప్స్‌ని డిసేబుల్ చేసే సెట్టింగ్ ఒకటుంది, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో అది పెట్టి జాబ్ నడపండి. క్రయో అవసరమైన మొదటి చోటే ఏ క్లాసో పేరు చెప్పి మరీ ఎక్సెప్షన్ విసురుతుంది. నా మటుకు ఇది కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే పెట్టాలి. యూనిట్ టెస్టుల్లో క్లాసు పోజోనా కాదా అని చూడటానికి పోజోటెస్ట్‌యుటిల్స్ కూడా పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది లిస్ట్ దగ్గర తట్టుకుంటారు. క్లాసు పోజోనే, కానీ లోపలున్న లిస్ట్, మ్యాప్ ఫీల్డులు 1.x వెర్షన్లలో క్రయోకే పోతాయి. ఆ ఫీల్డు మీద టైప్‌ఇన్ఫో యానొటేషన్ పెట్టి రకం ఫలానా అని మనమే చెప్పాలి. 2025 మార్చిలో వచ్చిన 2.0 నుంచి వీటికి సొంత సీరియలైజర్లు ఉన్నాయి, ఆ గొడవ చాలావరకు తీరింది.

ఒక్క జాగ్రత్త: ప్రొడక్షన్‌లో నడుస్తున్న జాబ్‌ మీద ఇదంతా ఇవాళే చేసేయకండి. క్రయోతో రాసిన స్టేట్‌ని పోజో సీరియలైజర్ చదవలేదు, పాత సేవ్‌పాయింట్‌ (దాచిపెట్టిన స్టేట్ కాపీ) నుంచి లేపితే జాబ్ లేవదు. స్టేట్ ప్రాసెసర్ ఏపీఐతో పాత స్టేట్‌ని చదివి కొత్తగా రాసుకోవాలి, ఓపిక కావాలి.

హోంవర్క్: మీ జాబ్‌లో కీబై దాటే ఒక్క క్లాసుని తీసుకుని పైన చేసినట్టే బైట్లు లెక్కపెట్టండి. 5వ భాగంలో ఆబ్జెక్ట్ రీయూజ్ చూద్దాం, చెయిన్‌లో పక్కపక్కనే ఉన్న ఆపరేటర్ల మధ్య కూడా ఫ్లింక్ ఎందుకు కాపీలు తీస్తుందో, ఆ కాపీలు మాన్పిస్తే ఏ కోడ్ విరుగుతుందో అక్కడ తేలుతుంది.