డ్రైవర్ లేని చక్రాల బండి: మన రేగడి మట్టిలో నడిచేలా చేయడం ఎలా

మిలిటరీ వాళ్లు వాడే డ్రైవర్ లేని బండ్లను యూజీవీలు అంటారు. వాటి చిన్న మోడల్ చేద్దామని ఇంజినీరింగ్ పిల్లలు మొదలుపెట్టగానే ఏ కెమెరా కొనాలి, ఏ బోర్డు మంచిది అని అడుగుతారు. అవి చివర్లో చూసుకోవచ్చు. బండి ఆగిపోయేది చక్రం దగ్గర. మాదీ అక్కడే ఆగింది, ఆలూరు పక్కన మా చిన్నాయన చేలో, వాన పడిన మర్నాడు. ఇరవై అడుగులు పోయిందో లేదో, నల్లరేగడి చక్రాలకు ముద్దముద్దగా అంటుకుని, చక్రానికీ ఛాసిస్‌కూ (బండి చట్రానికీ) మధ్య ఇరుక్కుని, మోటర్లు ముక్కి ముక్కి చివరికి వాటికి కరెంటు అందించే బోర్డు (మోటర్ డ్రైవర్ అంటారు) మాడిన వాసన వచ్చింది. "ఏంరా అబ్బీ, వాన పడినాక రెండు దినాలు ఎద్దుల్నే దించం, దీన్ని దించినావా?" అన్నాడు చిన్నాయన.

కాబట్టి ముందు మట్టి చూడండి. ఎర్ర గరప నేల అయితే చక్రాలు హాయిగా పోతాయి. రేగడి మాత్రం ఎండితే పగుళ్లిచ్చి గట్టిపడుతుంది, తడిస్తే ఉబ్బి జిగటవుతుంది, రెండూ చక్రానికి పగే. మరి ట్యాంకుకున్నట్టు పట్టాలు వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు, పట్టా బరువును ఎక్కువ నేల మీద పరుస్తుంది కాబట్టి బురదలో అదే మేలు. కానీ బరువు, కరెంటు ఖర్చు, మధ్యలో ఊడితే ఎక్కించే తిప్పలు కూడా పెరుగుతాయి. చక్రం ఊడితే నాలుగు బోల్టుల పని. 1972లో బ్రిటిష్ సైన్యం ఉత్తర ఐర్లండ్‌లో బాంబుల దగ్గరికి మనిషి బదులు పంపిన వీల్‌బారో రోబో మొదలైంది కూడా కరెంటుతో నడిచే తోపుడుబండి ఛాసిస్ మీదే. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పుణె ల్యాబ్‌లో తయారైన దక్ష్ కూడా బాంబుల పనికే. దాన్ని 500 మీటర్ల దూరం నుంచి నడపొచ్చు, ఒకసారి చార్జ్ చేస్తే సుమారు 3 గంటలు పనిచేస్తుంది. మీరు చేసేదాని మీద ఆయుధాల జోలికి పోకండి, మోసుకెళ్లే బండిగా, చూసొచ్చే బండిగా చేస్తే చాలు.

ఇప్పుడు మోటర్ లెక్క, ఇది తప్పితే మిగతాదంతా దండగ. బ్యాటరీతో కలిపి బండి 15 కిలోలు, చక్రం వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుందాం. 30 డిగ్రీల ఏటవాలు ఎక్కాలంటే బరువులో (15 కిలోలంటే 147 న్యూటన్లు) సగం, అంటే 74 న్యూటన్ల దాకా దానికే పోతుంది, మట్టి లాగే లాగుడు ఇంకో 13 వేసుకోండి. మొత్తం 87ను చక్రం సగం వ్యాసం 0.1 మీటరుతో గుణిస్తే తిప్పే బలం, అంటే టార్క్, 8.7 న్యూటన్ మీటర్లు, నాలుగు మోటర్లకు పంచితే ఒక్కోదానికి 2.2. షాపులో కిలో సెంటీమీటర్లలో చెబుతారు కాబట్టి అది 22 అవుతుంది. అక్కడ ఆగితే మా గతే పడుతుంది. ఈ బండికి స్టీరింగ్ ఉండదు, ఎడమ చక్రాలు ఒకలా, కుడి చక్రాలు ఇంకోలా తిరిగితేనే మలుపు. అప్పుడు టైర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోతాయి, అందుకే రెండింతలు, 45 దాకా తీసుకోండి. అదీ రేటెడ్ టార్క్ (మోటర్ వేడెక్కకుండా ఆగకుండా ఇచ్చే బలం) అయి ఉండాలి, డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే స్టాల్ టార్క్ (ఇక తిరగలేక ఆగిపోయే చోటి బలం) కాదు. స్పీడు 100 ఆర్‌పీఎం చాలు, అంటే సెకనుకు ఒక మీటరు, పక్కన మనం నడిచేంత. బండిని పొడుగ్గా కాకుండా కాస్త వెడల్పుగా కడితే మలుపులో తక్కువ ముక్కుతుంది.

రేడియోకి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ సరిపోతుంది, కానీ బండి బండరాయి చాటుకు పోతే సిగ్నల్ పోతుంది. ఓర్వకల్లు రాళ్ల మధ్య మాకు అదే అయింది. సిగ్నల్ పోతే బండి ఆగాలి. కొన్ని రిసీవర్లు ఆఖరి కమాండ్‌నే పట్టుకుని కూర్చుంటాయి, అంటే బండి మనల్ని వదిలేసి పోతూనే ఉంటుంది! బండిని ఇటుకల మీద ఎత్తిపెట్టి, చక్రాలు తిరుగుతుండగా రిమోట్ ఆపేసి చూడండి. వెంటనే ఆగకపోతే, సిగ్నల్ పోతే బండిని ఆపేసే ఫెయిల్‌సేఫ్ సెట్ చేసేదాకా నేల మీద దించకండి. బండి పైన చేతికందేలా ఎర్ర స్విచ్చొకటి తప్పనిసరి. అన్నట్టు, ఓర్వకల్లు మండలంలో డీఆర్‌డీవో పరీక్షల రేంజ్ ఉంది, 2025 ఏప్రిల్‌లో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చింది అక్కడే. రిమోట్లు, యాంటెన్నాలు పట్టుకుని ఆ దరిదాపులకు పోవద్దు.

మన ఎండల సంగతి తెలిసిందే. లిథియం బ్యాటరీని తిప్పి తెచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి, నీడలో చల్లారనివ్వండి, 45 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు చార్జ్ చేస్తే పాడవుతుంది. పెట్టెకు నల్ల రంగు అసలు వేయొద్దు, చూడ్డానికి మిలిటరీలా ఉంటుందని మేం వేసి తర్వాత గీకి తెల్లది కొట్టాం.

చక్రానికీ ఛాసిస్‌కూ మధ్య మొదట ఒక వేలు సందే వదిలాం. ఇప్పుడు నాలుగు వేళ్లు. ప్రతి చక్రం వెనకా మట్టి గీకడానికి చిన్న ఇనుప పట్టీ బిగించాం, గాలి టైర్లలో గాలి కొంచెం తగ్గించాం. ఈసారి అదే చేలో గట్టు నుంచి గట్టుకు పోయింది, వాన పడిన మూడో దినం. మర్నాడే దించుదామంటే చిన్నాయన ఒప్పుకోలేదు, అప్పటికే పప్పుశనగ విత్తేశాడు, సాళ్ల మధ్యలోనే పోనీమన్నాడు.