గొంగళి, తూటా, వెనక గోడ: లైసెన్సుదారులు పరీక్షల అంకెలను చదవవలసిన తీరు

అనంతపురం జిల్లాలో చలికాలం తెల్లవారుజామున తోటకు బయలుదేరేవారు చొక్కా మీద స్వెటరు, దానిపైన గొంగళి కప్పుకోవడం మామూలే. ఆత్మరక్షణకు లైసెన్సు రివాల్వర్ ఉన్నవారిలో, ఇంత మందాన్ని చిన్న తూటా దాటుతుందా అన్న సందేహం అక్కడే పుడుతుంది. దాటుతుంది. బట్ట తూటాను ఆపదు. కొన్ని రకాల తూటాలు లోపల పనిచేసే తీరును మాత్రం మార్చేస్తుంది. ఈ తేడా తెలియనివారే తమ ఆయుధాన్ని తక్కువగా అంచనా వేస్తారని నా గట్టి అభిప్రాయం.

ముందుగా తూటా మొనను గమనించాలి. మొన నిండుగా, గుండ్రంగా ఉంటే అది పోగులను నెట్టుకుంటూ లోపలికి వెళ్తుంది. మొనలో గుంట ఉన్న తూటా సంగతి వేరు. శరీరంలోని తడి కండ ఆ గుంటలోకి ఒత్తిడితో దూరినప్పుడే దాని అంచులు పువ్వురేకుల్లా వెనక్కి విచ్చుకుంటాయి. అప్పుడది వెడల్పై, త్వరగా వేగం కోల్పోయి ఆగుతుంది. దారిలో మందపాటి బట్ట తగిలితే తెగిన గుడ్డపేలిక ఆ గుంటలో బిరడాలా బిగుసుకోవచ్చు. అలా బిగుసుకున్న తూటా విచ్చుకోక, గుండ్రటి మొన తూటాలాగే మరింత లోతుకు వెళ్తుంది, ఒక్కోసారి ఎదుటి మనిషిని దాటి వెనకకూ పోతుంది.

1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామిలో జరిగిన కాల్పుల్లో అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెందిన ఇద్దరు ఏజెంట్లు మరణించారు. అందులో ఒక దుండగుడికి తగిలిన తూటా గుండెను చేరకముందే ఆగిపోయింది. ఆ తర్వాత ఆ సంస్థ రూపొందించిన పరీక్షా పద్ధతే నేటికీ కొలమానంగా ఉంది. శరీరంలోని కండకు బదులుగా వాడే 10 శాతం జిలటిన్ దిమ్మలోకి కాల్చినప్పుడు తూటా 12 నుంచి 18 అంగుళాల లోతులో ఆగాలి. మందపాటి దుస్తుల పరీక్షలో దిమ్మ ముందు బనియను గుడ్డ, చొక్కా గుడ్డ, ఫ్లీస్ అనే మెత్తటి చలిగుడ్డ, డెనిమ్ అనే జీన్స్ గుడ్డ వరుసగా ఉంచుతారు. ఫలితాలు చదివేటప్పుడు లోతు ఒక్కటే చూడకుండా, బట్ట లేనప్పటి లోతుతో పోల్చి, బయటికి తీసిన తూటా ఎంత వెడల్పయిందో కూడా చూడాలి. బట్ట ఉన్నప్పుడు లోతు బాగా పెరిగి వెడల్పు తగ్గిందంటే ఆ గుంట పూడిపోయిందన్నమాట. లోతు ఎక్కువ కాబట్టి తూటా మంచిదని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

మన లైసెన్సుదారుల చేతిలో సాధారణంగా ఉండేది పాయింట్ 32 రివాల్వరో, పిస్టలో. 9 ఎంఎం మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సుదారులకు అనుమతి లేని గొట్టపు కొలత. పాయింట్ 32 రివాల్వర్‌లో పెట్టే రౌండు, అంటే తూటా, మందు, ఇత్తడి గొట్టం కలిసిన మొత్తం, అడుగున అంచుతో పొడవుగా ఉంటుంది. పిస్టల్ రౌండు పొట్టిది. పేరులో అంకె ఒకటే అయినా ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. పెట్టె మీది పేరును లైసెన్సులోని ఆయుధ వివరంతో సరిచూసుకున్నాకే కొనాలి. ఈ రౌండ్లలో ఎక్కువగా కనబడేవి గుండ్రటి మొనవే కనుక, బిరడా పడుతుందా అన్న చింత కంటే తూటా ఎక్కడ ఆగుతుందన్న చింతే మనకు ముఖ్యం.

ఇది మన ఇళ్ల దగ్గర మరింత గట్టిగా ఆలోచించవలసిన సంగతి. కడప, కర్నూలు ప్రాంతాల్లో నేల మీదా, అరుగుల మీదా నాపరాయి బండలే ఉంటాయి. బండకు వాలుగా తగిలిన తూటా అందులో దిగదు, జారి ఎటో వెళ్తుంది. గది తలుపు దాటితే అవతల నిద్రపోతున్న పిల్లలుంటారు. అందువల్ల ఇంట్లో ఏ గోడ వెనక ఎవరు పడుకుంటారో పగటిపూటే నడిచి చూసుకొని, ఏ దిక్కుకు ఎప్పటికీ గురిపెట్టకూడదో ముందే నిర్ణయించుకోండి. గొంగళి మడతపెట్టి పొలంలో కాల్చి చూద్దామన్న ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. అది ప్రమాదం, లైసెన్సుకే ఎసరు.

ఇక నిల్వ. తోలు బెల్టు గళ్లలో ఏళ్ల తరబడి వదిలేసిన రౌండును తీసి చూస్తే ఇత్తడి మీద పచ్చటి చిలుము కనబడుతుంది. అలాంటి రౌండును తుడిచి మళ్లీ వాడకుండా, లైసెన్సున్న డీలరుకు చూపించి పక్కన పెట్టించాలి. మిగిలినవాటిని తోలుకు దూరంగా, అటక మీది వేడి తగలని చోట, ఆయుధంతో కలపకుండా వేరే తాళంలో ఉంచాలి.