నెట్ రాకపోతే ముందు ఏ డబ్బా చూడాలి?

మా పిన్నిది విశాఖ పెదవాల్తేరులో మేడ మీద పోర్షన్. నెలలో మూడోసారి ఫోన్ చేసి "ఒరేయ్, మళ్లీ వైఫై రావట్లేదురా" అంది. వెళ్లి చూస్తే వైఫై నిండుగా ఉంది, రానిది ఇంటర్నెట్. ఈ రెండూ వేరని తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది: వైఫై అంటే మీ ఫోన్‌కీ ఇంట్లో రౌటర్‌కీ మధ్య దారి, అంతే. అక్కడి నుంచి బయటికి వెళ్లే దారి ఇంకోటి.

అందుకే బయటి నుంచి లోపలికి చూసుకుంటూ రండి. స్తంభం మీదుగా వచ్చే ఫైబర్ ముందు ఓఎన్‌టీ అనే డబ్బాలోకి దిగుతుంది, తీగలో వచ్చే వెలుతురుని మన పరికరాలకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది ఇదే. చాలా ఇళ్లలో ఇదీ రౌటరూ ఒకే డబ్బాలో ఉంటాయి. దాని మీద పాన్ (PON) అని రాసి ఉన్న లైటు నిలకడగా వెలుగుతుంటే లైను బానే ఉన్నట్టు. ఎల్ఓఎస్ (LOS, అంటే సిగ్నల్ అందట్లేదని) దగ్గర ఎర్ర లైటు వచ్చిందా, డబ్బాని ఒకసారి ఆపి వేయండి, అప్పటికీ పోకపోతే కంప్లైంట్ పెట్టేయండి, ఎక్కువసార్లు తీగ తెగో వంగో ఉంటుంది. ఫైబర్‌ని మడిచి మేకుకి చుట్టొద్దు, లోపల ఉన్నది గాజు.

తర్వాత రౌటర్. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ, టీవీకీ 192.168.1.5 లాంటి ఐపీ అడ్రస్ ఇచ్చేది ఇదే, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్లలాగా. ఆ నంబర్లు దానంతటదే పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. మనం టైప్ చేసే సైట్ పేరుకి నంబరు వెతికిచ్చేది డీఎన్ఎస్. రౌటర్‌కి పోర్టులు (కేబుల్ గుచ్చే రంధ్రాలు) చాలకపోతే పక్కన పెట్టుకునేది స్విచ్. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది, 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది.

పిన్ని ఇంట్లో ఓఎన్‌టీ, రౌటర్ వేర్వేరు డబ్బాలు. పాన్ లైటు పచ్చగానే ఉంది, రౌటర్ మీద వాన్ (WAN, బయటి నుంచి నెట్ వచ్చే పోర్టు) లైటు మాత్రం వెలిగి ఆరిపోతోంది. అంటే ముందు అనుమానించాల్సింది ఆ రెండు డబ్బాల మధ్య ఉన్న లాన్ కేబుల్‌ని. పీకి చూశాను, బీచ్ వైపు కిటికీ కింద ఉండి ఉండి ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు డబ్బాలు కిటికీకి దూరంగా పెట్టండి, దయచేసి.

ఇంకోటి కూడా బయటపడింది. ప్లాన్ 200 ఎంబీపీఎస్, స్పీడ్ టెస్ట్‌లో ఎప్పుడూ 94 దాటేది కాదట. ఆ కనెక్టర్‌లో ఎనిమిది తీగలకి నాలుగే గుచ్చి ఉన్నాయి! నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ వరకే వస్తుంది, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిదీ కావాలి. ఎవరు బిగించారో గానీ అన్నాళ్లూ పిన్ని సగం వేగానికి పూర్తి డబ్బు కట్టింది.

కొత్తగా క్రింపింగ్ (కేబుల్ చివర కనెక్టర్ బిగించడం) చేయిస్తుంటే పక్కనే నిలబడండి. కనెక్టర్ క్లిప్పు కిందికి, పిన్నులు పైకి పెట్టి చూస్తే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే వరస. కేబుల్ క్యాట్ 6 తీసుకోండి, ఒక్క ముక్క 100 మీటర్లు మించకూడదు. బిగించాక గిగాబిట్ పోర్టున్న కంప్యూటర్‌కి ఆ కేబుల్ పెట్టి లింక్ స్పీడ్ 1000 అని చూపిస్తేనే డబ్బులివ్వండి.