రెండో ఎత్తుకే మంత్రి హెచ్5కి వస్తే: ఎక్కడ ఓడుతున్నారు, ఏం ఆడాలి

నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా, పిల్లల చెస్ టోర్నమెంట్లో మొదటి రౌండు మొదలైన కాసేపటికే ఏదో ఒక బోర్డు ఖాళీ అవుతుంది. స్కోర్‌షీట్ చూస్తే అదే వరస: తెల్ల బంటు ఈ4కి, నల్ల బంటు ఈ5కి, తెల్ల మంత్రి హెచ్5కి. నల్ల పావులతో ఆడేవాళ్లు ఎక్కడ చిక్కుతున్నారో చూద్దాం.

ఏనుగు ఊరికే పోయింది

కారణం: మంత్రిని తరుముదామని వెంటనే జీ6కి బంటు తోశారు. ఈ5 బంటుకు కాపలా లేదు. మంత్రి దాన్ని తిని చెక్ చెబుతుంది, ఆ వెంటనే ఐమూలగా పోయి హెచ్8 ఏనుగును కూడా తింటుంది.

పరిష్కారం: ముందు గుర్రం సీ6కి. బంటుకు కాపలా దొరికింది. ఇక గుర్రానికి బదులు రాజును ఈ7కి జరిపేవాళ్లుంటారు. మంత్రి ఈ5 బంటును తింటే అక్కడికక్కడే మేట్, రాజుకు దారి లేదు, ఆట ముగిసింది.

నాలుగో ఎత్తుకు మేట్

తెల్ల ఒంటె సీ4కి వచ్చింది, మీరు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి మంత్రి మీదికి ఉసిగొల్పారు. తెల్లవాడు మంత్రితో ఎఫ్7 కొట్టాడు, అయిపోయింది. జీ6 ఆడాల్సింది ఇప్పుడు.

ఐదో ఎత్తుకు మేట్

అసలు దొంగదెబ్బ ఇదే. జీ6 చూసి మంత్రి ఎఫ్3కి తప్పుకుంటుంది. పారిపోయిందనుకుని టెన్షన్ తగ్గిపోతుంది. కానీ పారిపోలేదు: ఎఫ్ వరుసలో నిలబడి మళ్లీ ఎఫ్7నే చూస్తోంది, వెనక సీ4 ఒంటె దన్ను అలాగే ఉంది. సరిగ్గా అప్పుడే సీ6 గుర్రానికి డీ4 గడి కనిపిస్తుంది. మంత్రి మీద దాడి, సీ2 మీద కన్ను, చూడటానికి ఎంత ముద్దొస్తుందో! గుర్రం డీ4కి దూకగానే మంత్రి ఎఫ్7లో మేట్. "మంత్రి మీద పడ్డ కద సార్, జరుపుతడనుకున్న" అంటారు. మేట్ కొట్టేవాడు మంత్రిని ఎందుకు జరుపుతాడు?

పరిష్కారం: గుర్రం జీ8 నుంచి ఎఫ్6కి. వరుస మూసుకుపోతుంది, మేట్ ఉండదు. ఇప్పుడు డీ4 గడి మీకు నిజంగా పనికొస్తుంది. తెల్లవాడు జీ4 తోస్తే జీ5తో ఎఫ్6 గుర్రాన్ని లేపి వరుస తెరవాలని చూస్తున్నాడు. అప్పుడు గుర్రం డీ4కి. మంత్రి తప్పుకోవాలి, తర్వాత మీరు డీ5 తోసి మధ్యలో విరుచుకుపడొచ్చు. మంత్రి బీ3కి పోయినా అదే డీ4. వాడు ఒంటెతో ఎఫ్7 తిని చెక్ అంటే రాజు ఈ7కి. ఒంటెను కాపాడటానికి మంత్రి సీ4కి వస్తే బీ5 తోయండి, ఒంటె మీకు దక్కుతుంది. నాలుగో ఎత్తుకు చచ్చే ఎత్తు ఐదో ఎత్తుకు గెలిపించే ఎత్తు. తేడా అంతా ఎఫ్6లో గుర్రం ఉందా లేదా అన్నదే. మంత్రి మీద చెయ్యి వేసే ముందు ఎఫ్7 చూడమని ఎంత చెప్పినా మళ్లీ అదే స్కోర్‌షీట్ వస్తుంది.

తెల్లవాడు తెలివిగా గుర్రాన్ని ఈ2లో పెడితే డీ4 మీద కాపలా పెట్టాడని అర్థం. ఒంటె జీ7, క్యాసిల్ (రాజును ఏనుగు వైపు జరిపి భద్రం చేసుకోవడం), మామూలు ఆట.

ఇది పిల్లల ఆటే కదా అని నవ్వకండి. 2005లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా ఇదే మంత్రి ఎత్తును మన గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్ మీద ఆడాడు. శశికిరణ్ గెలిచాడు.

మిగతావి

మంత్రి హెచ్5కి కాకుండా రెండో ఎత్తుకే ఎఫ్3కి వస్తే కంగారేం లేదు, రెండు గుర్రాలూ బయటికి తీయండి. ఈ5 బంటును వదిలేసి రెండో ఎత్తుకే గుర్రం ఎఫ్6 ఆడేవాళ్లూ ఉన్నారు. బంటు పోతుంది, పావులు తొందరగా బయటికొస్తాయి. సరదాకి బాగుంటుంది, సెలక్షన్స్‌లో వద్దు.