ఆగస్టులో కూఫోనిసి వెళ్లాలంటే ముందు పడవ, తర్వాతే గది

గ్రీసులో చిన్న దీవికి జులై, ఆగస్టుల్లో వెళ్దామనుకునేవాళ్లు చాలామంది ముందు గది వెతుకుతారు. నా మాట విని ముందు పడవ చూడండి.

నేను చెప్పేది ఆనో కూఫోనిసి గురించి. నాక్సోస్, అమోర్గోస్ దీవుల మధ్య, ఆరు చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి. ఎయిర్‌పోర్టు లేదు. ఏథెన్స్ పక్కనున్న పిరెయస్ రేవులో పెద్ద ఫెర్రీ ఎక్కొచ్చు, లేదా నాక్సోస్ దాకా వచ్చి స్కోపెలితిస్ అనే చిన్న ఫెర్రీ పట్టుకోవచ్చు. ఆగస్టు 15 మరియమాత పండుగ, దేశమంతా సెలవు. ఆ వారం టికెట్లు ఎప్పుడో అయిపోతాయి. మీకు వీలుంటే సెప్టెంబరుకి మార్చుకోండి. పిల్లల సెలవుల వల్ల కుదరదంటే, పడవ దొరికిన తేదీని బట్టే గది తీసుకోండి.

అసలు సంగతి గాలి. మెల్తెమి అంటారు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, ఉత్తరం నుంచి మాత్రం రోజుల తరబడి హోరుమని వీస్తుంది. మరీ ముదిరితే కోస్ట్ గార్డు పడవల్ని ఆపేస్తుంది. చిన్నవీ, స్పీడుగా వెళ్లే కాటమరాన్లూ ముందు ఆగుతాయి. రద్దయిన పడవకి డబ్బు వెనక్కిస్తారు కానీ మీరు మిస్సయిన విమానానికి ఎవరూ ఇవ్వరు. అందుకే తిరుగు ప్రయాణంలో విమానానికి ముందు ఒక రాత్రి ఏథెన్స్‌లో పెట్టుకోండి. ఈ ఒక్కటి చేస్తే సగం టెన్షన్ పోతుంది.

మా అమ్మకి సముద్ర ప్రయాణం పడదు. ఎక్కే ముందే మాత్ర వేసి, పడవ మధ్యలో, కింది అంతస్తులో కూర్చోబెట్టాను. అక్కడ ఊపు తక్కువ. దిగేటప్పుడు హడావుడి ఉంటుంది. దీవి పేరు మైకులో వినపడగానే సామాను తీసుకుని కార్లుండే కింది డెక్కుకి వెళ్లి నిలబడాలి. ఇనుప తలుపు కిందికి వాలుతుండగానే జనం కదులుతారు, పడవ కొన్ని నిమిషాలే ఆగుతుంది. వరసగా చాలా దీవుల్లో ఆగుతుంది కాబట్టి, దిగే ముందు అది మీ దీవేనా అని సిబ్బందిని ఒక్కమాట అడగండి.

గాలి ఉత్తరపుది కాబట్టి దక్షిణం వైపు బీచ్‌లు ప్రశాంతంగా ఉంటాయి. ఊరి నుంచి ఒడ్డెంట నడిస్తే ఫీనికస్, ఫానోస్, ఇతాలీదా, ఆ తర్వాత పోరీ వస్తాయి. దారి చదునే కానీ చెట్టు నీడ దాదాపు ఉండదు. పొద్దున్నే బయల్దేరండి, నీళ్లు ఎక్కువే పట్టుకోండి. నడవలేనివాళ్లకి రేవు నుంచి చిన్న పడవలున్నాయి. ఎదురుగా కొండలా కనిపించేది కేరోస్ దీవి. వేల ఏళ్ల నాటి పాలరాతి వీణకారుడి బొమ్మ దొరికింది అక్కడే. ఇప్పుడది ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది, ఆ ఒక్క రాత్రి ఆగినప్పుడు తప్పకుండా చూడండి.

శాకాహారులు హోటల్లో 'నిస్తీసిమో' అని అడగాలి. మాంసం, పాలు, గుడ్లు లేని ఉపవాసపు వంట అని అర్థమవుతుంది. రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం అందులో ఉండొచ్చు, అది విడిగా చెప్పండి. ఆగస్టు 1 నుంచి 14 దాకా వాళ్లకి ఉపవాసాలే. టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయకండి, పక్కన బుట్ట ఉంటుంది. స్నానం త్వరగా ముగించండి, చిన్న దీవుల్లో మంచినీళ్లకి కటకట.