ఉప్పుగాలి ఊళ్ళలో కారు క్యాలిపర్లకి ఇంట్లోనే పెయింట్ వేసుకోవాలంటే

అంతర్వేది, ఓడలరేవు వైపో, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీదో తిరిగే కారు అయితే వీల్ సందులోంచి ఓసారి చూడండి, క్యాలిపర్, అంటే బ్రేక్ తొక్కితే ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం, ఇటుక రంగులో కనిపిస్తది. చాలా కార్లకి అది పోత ఇనుమే, ఉప్పుగాలికి తుప్పు తొందరగా పట్టేస్తది. పైపై తుప్పుకి బ్రేకులేం పోవు గానీ, అలా వదిలేస్తే పెచ్చులు లేస్తాయి, బ్లీడర్ నిపుల్ (పాత ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) బిగుసుకుపోయి బ్రేక్ ఆయిల్ మార్చే రోజున పుటుక్కున విరిగి కూర్చుంటది.

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, తేమకి పొక్కులొస్తాయి. సంక్రాంతి వెళ్ళాక మంచు విడిచి ఎండ వచ్చిన పూట మంచిది. పెరట్లో మట్టి నేల మీద జాకీ పెడితే దిగబడిపోద్ది, గట్టి సిమెంటు గచ్చు ఉన్నచోటే పెట్టండి. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, నట్లు కాస్త లూజు చేశాకే లేపండి, లేపాక స్టాండ్ తప్పనిసరి, ఒక్క జాకీని నమ్ముకుని చెయ్యి పెట్టకండి.

అసలు పనంతా శుభ్రం చెయ్యడంలోనే ఉంది. బ్రేక్ దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిచేయండి. తర్వాత వైర్ బ్రష్, మూలల్లోకి ఎమరీ పేపర్ మడిచి రుద్దాలి, లేచిన పెచ్చు ఒక్కటి కూడా మిగలకూడదు, మిగిలితే దానితోపాటే పెయింటూ ఊడొస్తది. మళ్ళీ క్లీనర్ కొట్టి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకి నలుపు అంటకూడదు, అప్పటిదాకా ఇదే పని. కిరసనాయిలు, డీజిల్ వాడొద్దు, జిడ్డు మిగిలిపోద్ది.

డిస్కు, ప్యాడ్లు, రబ్బరు బూట్లు (దుమ్ము పోకుండా ఉండే తొడుగులు), బ్రేక్ హోసు, నిపుల్, ప్యాడ్ జారే చోటు, చక్రం ఆనే చోటు, వీటి మీద చుక్క పడకూడదు, టేపూ కవరూ చుట్టేయండి. క్యాలిపర్ విప్పక్కర్లేదు. విప్పితే మాత్రం హోసు మీద వేలాడదీయకుండా తీగతో పైకి కట్టండి, బిగించాక బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కి అప్పుడే బండి కదపండి.

పెయింట్ అంటే వేడి తట్టుకునే క్యాలిపర్ పెయింటే, గేటుకి వేయగా మిగిలిన ఎనామిల్ పూస్తే వేడికి ఊడిపోద్ది. ఇంట్లో చేసేవాళ్ళకి స్ప్రే కన్నా బ్రష్ నయం అంటాను నేను, పక్కకి ఎగరదు. పల్చగా రెండు మూడు కోట్లు, మధ్యలో ఎంత ఆగాలో డబ్బా మీద ఉంటది. రంగు మీ ఇష్టం, కుర్రాళ్ళు ఎరుపంటారు, నేనైతే నలుపే వేస్తా. ఒక రోజంతా ఆరనిచ్చి చక్రం ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక మళ్ళీ గట్టిగా బిగించండి.

బ్రేక్ ఆయిల్ ఒలికితే పెయింట్‌ని తినేస్తది, వెంటనే నీళ్ళతో కడిగేయండి. బీచ్‌కి వెళ్ళొచ్చాక కూడా కడగాలి, కాకపోతే డిస్కు చల్లారాకే. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊరైతే వాటితో కడిగి లాభం లేదు, కుళాయి నీళ్ళు పట్టండి.